తడుముకోకుండా చదివిన సాయంత్రం

ఆ పేజీ ఇంకా రాలేదు. కుడిచేతి వేళ్ళ కింద మందం తెలుస్తోంది, నాలుగైదు కాగితాలు, అంతే. సిద్దిరాములు చదువుతూనే ఉన్నాడు. నోరు ఇక్కడ, మనసు ఆ నాలుగు కాగితాల అవతల. బోధన్ రాకాసిపేటలో అవ్వ ఉండే ఇంటి వరండాలోకి ఎండ మెట్లెక్కి వచ్చి కూర్చుంది. కరెంటు పోయి ఫ్యాను ఆగింది, లోపల టీవీలో సీరియల్ ఆగింది. ఆగింది కాబట్టే అవ్వ "ఇగ సదువు బిడ్డా, వాడు కారు తెచ్చేలోపట ఎంతయితే అంత" అంటూ బీడీల చాట ఒళ్ళోకి లాక్కుంది. వాడంటే రాజశేఖర్. ఈ నవల రాసినవాడు. సాయంత్రం టౌన్ హాల్లో దీన్ని ఆవిష్కరించేది మంత్రి కాదు, ప్రొఫెసర్ కాదు. ఆవిష్కర్త శ్రీమతి రేణుకమ్మ, బీడీ కార్మికురాలు. అవ్వ పేరు, తన కన్నతల్లి పేరు, అచ్చులో సిద్దిరాములు మొదటిసారి చూసింది వాట్సాప్‌లో వచ్చిన ఆ ఆహ్వానంలోనే. తనూ నవలలు రాశాడు, ఒకటి కాదు ఆరు, వాటిలో రెండు అవ్వకే అంకితమిచ్చాడు. కానీ 'అమ్మకు' అని రాశాడే తప్ప రేణుకమ్మకు అని రాయలేదు. ఆ తేడా ఇన్నేళ్ళూ తేడాగానే కనబడలేదు. పొద్దున నిజామాబాద్‌లో బస్సెక్కేటప్పుడు అతని మనసులో ఒక్కటే పని ఉంది, అవ్వను ఆ మీటింగుకు పోకుండా ఆపడం. వచ్చీరాగానే "పోకుంటే ఏమైతదవ్వా, జనాల ముందల గంటలకొద్ది కూసునుడు, నీ నడుము ఊకుంటదా" అన్నాడు. అవ్వ అతని ముఖం చూడలేదు, చేతిలో సంచి చూసింది. "బుక్కు తెచ్చినవు గద, సదివి ఇనిపియ్యి. ఇన్నంక పోవాల్నో వద్దో నేనంట."

పక్కింటి తిరుపతమ్మ అప్పటికే గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "అదేంది సారూ, మా రేణుకక్క స్టేజీ ఎక్కుతుంటె నీకు కడుపుల మంటనా ఏంది? రిబ్బను కోసుడు ఆమెకు కొత్తనా, దినాం ఆకు కోస్తలేదా" అని నవ్వింది. తను కూడా నవ్వాడు. నవ్వినట్టు పళ్ళు బయటపెట్టాడు. కడుపులో మంటే, నిజమే. కానీ తిరుపతమ్మ అనుకున్న మంట ఒక్కటే కాదది. అది పైమంట. దాని కింద ఇంకొకటి ఉంది, దాని పేరు బాపు, తన తండ్రి.

చదువుతున్నాడు. 'తునికాకు నానిన గోనెసంచి పక్కన పడుకున్న పిల్లలకు కలలు కూడా తడిగానే వస్తాయి.' ఈ వాక్యం దగ్గర నిన్న కూడా ఆగాడు. నిన్న ఇంటర్ పరీక్షల డ్యూటీలో, హాలు మధ్యలో కుర్చీ వేసుకుని, ఒళ్ళో ఈ పుస్తకం పెట్టుకుని చదువుతుంటే ఎదురుగా పిల్లలు బాహాటంగా చిట్టీలు మార్చుకున్నారు, అతనికి ఏమీ కనబడలేదు. ఈ వాక్యం మాత్రం కనబడింది. పుట్టి పెరిగినంత కాలం ఆ గోనెసంచి పక్కనే పడుకున్నాడు తను. ఆ పచ్చి వాసన, తెల్లారేసరికి పరుపు అంచు తడిసిపోవడం, అవ్వ చేతుల్లోంచి పొద్దస్తమానం వచ్చే తంబాకు ఘాటు, అన్నీ తనవి. కోటగిరి కాలువ నీళ్ళ కింద వరి పండించుకునే ఇంటి పిల్లగాడు రాజశేఖర్, వాళ్ళింట్లో బీడీ చుట్టినవాళ్ళే లేరు. వాడికి ఎట్లా దొరికింది ఈ వాక్యం? తనకు ఎందుకు దొరకలేదు? మళ్ళీ చదివాడు, ఈసారి ఏదో ఒక వంక దొరక్కపోతుందా అని. దొరకలేదు. పక్కన పెన్సిల్‌తో గీత గీయబోయి ఆగాడు. బాగుందని గీసినా ఓడిపోయినట్టే, బాగాలేదని గీసినా ఓడిపోయినట్టే. డిగ్రీలో ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు, నిజామాబాద్ హాస్టల్లో ఒకే బకెట్‌తో స్నానం చేశారు, ఒకరు రాసింది ఒకరు చదివారు. వాడు పుస్తకం పంపుతూ లోపలి పేజీలో 'నా మొదటి పాఠకుడికి' అని రాశాడు. మర్యాదకు రాశాడా, ఎత్తిపొడుపుకు రాశాడా? వాడు ఎత్తిపొడిచే మనిషి కాదని తెలుసు, అదే ఇంకా కష్టంగా ఉంది.

అవ్వ వేళ్ళు పోతూనే ఉన్నాయి. కత్తిరించిన ఆకు మీద ఇంత తంబాకు, ఒక్క చుట్టు, మూతి లోపలికి మడత, దారం. వేళ్ళకు కళ్ళు అక్కర్లేదు, చెవులు తన దగ్గర ఉన్నాయి. ఎప్పుడూ ఇంతే. తను ఆరో తరగతికి వచ్చినప్పటి నుంచి ఈ అరుగు మీదే, సాయంత్రాలు, వాడకట్టు ఆడవాళ్ళంతా చాటలు పెట్టుకుని కూర్చుంటే, మంగలి దుకాణం నుంచి పాత వారపత్రికలు తెచ్చి సీరియల్ చదివి వినిపించేవాడు. చదువు వచ్చినవాడు వాడలో తనొక్కడే. చదువుతుంటే మధ్యలో చెప్పకూడనివి వచ్చేవి. హీరో హీరోయిన్ను గదిలోకి తీసుకుపోయేవాడు, అంతమంది ఆడవాళ్ళ ముందు పన్నెండేళ్ళ పిల్లగాడు అది ఎట్లా చదువుతాడు? దాటేసి, తనే రెండు మాటలు కల్పించి, వాళ్ళను గుడికి పంపేవాడు. మెల్లగా అది అలవాటయింది. కడుపుతో ఉన్న కోడలు చచ్చిపోతే మరుసటి వారం బతికించేవాడు. ఒకసారి తిరుపతమ్మ, అప్పుడు కొత్తగా కాపురానికి వచ్చింది, "ఆ పిల్ల పోయిన వారం సచ్చిపాయె గద, మల్ల గిప్పుడు చాయ్ ఎట్ల తెచ్చింది?" అని అడిగితే అరుగంతా నవ్వులు. అవ్వ కూడా నవ్వింది. అవ్వకు మొదటి నుంచీ తెలుసు. తను ఎప్పుడు పత్రికలోది చదువుతున్నాడో, ఎప్పుడు కల్పిస్తున్నాడో అవ్వ ఇట్టే చెప్పేది. అచ్చులోది చదివేటప్పుడు ఒత్తుల దగ్గర, పెద్ద మాటల దగ్గర తడుముకునేవాడు, ఆగి మళ్ళీ ఎత్తుకునేవాడు. సొంతంగా కల్పిస్తే మాట ఎక్కడా ఆగేది కాదు. "తడుముకోలేదంటే అది మావోడి కతనే" అనేది అవ్వ గొప్పగా. ఆ గొప్పతోనే కదా తను రచయిత అయింది. ఎక్కడా తడుముకోని శైలి అని మొన్నమొన్నటి సమీక్షలో కూడా రాశారు. ఆ ముక్క కత్తిరించి పర్సులో పెట్టుకున్నాడు.

"ఏందిరా, ఆడనే ఆగినవు?" అంది అవ్వ.

"ఏం లేదవ్వా. ఎండ కండ్లల్ల పడుతుంది."

కొంచెం పక్కకు జరిగి మళ్ళీ ఎత్తుకున్నాడు. కథలో లచ్చవ్వ అనే ఆమె ఉంది. ఆమె బీడీలు చుడుతుంది, మొగుడు చక్కెర ఫ్యాక్టరీలో సీజన్ పని, సంచులు కుడతాడు. చెరుకు గానుగ ఆడినన్నాళ్ళూ ఇంటి పట్టున ఉంటాడు, సీజన్ అయిపోతే నది దాటిపోతాడు. బావులు తవ్వే పని ఉందంటాడు. వానలు పడ్డాక వస్తాడు. సిద్దిరాములు ఈ వాక్యాలన్నీ అచ్చులో చూస్తుంటే ఎవరో తమ ఇంటి తలుపులు ఒకటొకటే తెరుచుకుంటూ లోపలికి నడిచి వస్తున్నట్టుంది. చంద్రయ్య, తన బాపు, సరిగ్గా అంతే. ఫ్యాక్టరీ పొగగొట్టంలోంచి పొగ వచ్చినన్నాళ్ళూ బాపు ఉన్నట్టు, పొగ ఆగితే బాపు లేనట్టు. ఇప్పుడు పొగ శాశ్వతంగా ఆగిపోయింది, బాపు కూడా పోయి చాలా ఏళ్ళయింది. తన నవలలన్నిటిలోనూ బాపు ఉన్నాడు. ఒకదాంట్లో కార్మిక నాయకుడు, ఒకదాంట్లో నిజాయితీకి నిలబడి పని పోగొట్టుకున్నవాడు, ఇంకొకదాంట్లో చెరుకు బండి కింద పడిన ఎవరి పిల్లాడినో కాపాడి చనిపోయినవాడు. ఎక్కడా తడుముకోలేదు.

పదో తరగతి పాసయిన ఎండాకాలం అది. ఫస్ట్ క్లాస్. అది బాపుకు తనే చెప్పాలని, అవ్వకు నిజామాబాద్ పోతున్నానని అబద్ధం చెప్పి, నది మీది సాలూర వంతెన దాటి, మరాఠీ బోర్డు ఉన్న ఎర్ర బస్సులో బిలోలిలో దిగాడు. దారి అడుగుతూ అడుగుతూ పోతే ఒక పెంకుటింటి ముందు మంచం వేసి ఉంది. బాపు రొట్టె తింటున్నాడు. తొడ మీద చిన్నపిల్ల కూర్చుని బాపు చెయ్యి పట్టుకుని 'బాబా, బాబా' అంటోంది, మరాఠీలో నాన్నా అని, ఆ రొట్టె ముక్క తనకే కావాలని. గడపలో నిలబడ్డ ఆమె ఎవరో కూలి అడగడానికి వచ్చిన పిల్లాడనుకుని నీళ్ళ చెంబు తెచ్చింది. బాపు తలెత్తాడు. లేవలేదు. చెయ్యి ఆ పిల్ల తల మీద పెట్టాడు, పెట్టి అట్లాగే ఉంచాడు. ఇప్పటికీ ఆ చెయ్యే కనబడుతుంది. తరువాత బస్టాండుకు వచ్చాడు, వేడి భజియాలు కొనిచ్చాడు, "అవ్వకు చెప్పకు" అన్నాడు. ఫస్ట్ క్లాస్ వచ్చిందన్న మాట చెప్పడం తను మరిచిపోయాడు. ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టారు, అరుగు మీద అందరూ కూర్చుని ఉన్నారు, సదువు సదువు అంటే పత్రిక తీసి చదివాడు. ఏం చదివాడో గుర్తు లేదు. ఆ తరువాత ఆ వేసవంతా ఒక పొగలాగానే గుర్తుంది. అవ్వ ఏదో పెండ్లికని ఒకరోజు కోటగిరి పోయివచ్చింది. అవ్వ కత్తెర ఎక్కడో పోయింది, నువ్వే యాడనో పారేసినవు అని వాడకట్టు ఆడవాళ్ళు అంటే మంచాల కింద, నీళ్ళ గోలెం వెనక, గడ్డివాము దాకా వెతికాడు. దొరకలేదు. ఇట్లాంటి ముక్కలు ఎందుకు గుర్తుంటాయో.

బిలోలి సంగతి ఒక్కడికే చెప్పాడు. డిగ్రీ చివరి పరీక్ష రాసిన సాయంత్రం, హాస్టల్ డాబా మీద, రాజశేఖర్‌కు. వాడు తన భుజం పట్టుకోలేదు, కిందికి పోయి రెండు చాయ్‌లు తెచ్చాడు. వాడు ఎవరికీ చెప్పడని ఇన్నేళ్ళు నమ్మాడు. చెప్పలేదు కూడా. అచ్చేశాడు. నిన్న హాల్లో ఈ అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి సిద్దిరాములు, ఇప్పుడు ఆ పిల్లాడు వస్తాడు, బస్టాండు వస్తుంది, భజియాలు వస్తాయి అని కాగితం కాగితం వెతికాడు. రాలేదు. వాడు రాసిందల్లా ఇంకొకటి. నది అవతలి సంసారానికి పోయేది పిల్లాడు కాదు, లచ్చవ్వే. అది చదివాక సిద్దిరాములుకు ఊపిరి ఆడింది. దొరికాడు. ఇక్కడ దొరికాడు రాజశేఖర్. మొదటి తప్పు, ఆమె ఎందుకు పోయిందో లేదు. ఒకరోజు లేచి బస్సెక్కింది, అంతే. ఎవరు చెప్పారు, ఏం విన్నది, ఒక్క మాట లేదు. కారణం లేని ప్రయాణం, ఇంటర్ పిల్లల కథల పోటీలో కూడా మార్కులు తీసేస్తాం. రెండో తప్పు ఇంకా పెద్దది. లచ్చవ్వ తన కత్తెర ఆమెకు ఇచ్చి వస్తుందట. బీడీలు చుట్టే ఏ ఆడమనిషి అయినా తన కత్తెర ఇంకొకరిని ముట్టనిస్తుందా? కన్నబిడ్డకు కూడా ఇవ్వదు. పట్టు మారితే ఆకు చిరుగుతుంది, చిరిగితే కార్ఖానాలో బీడీ తీసి పారేస్తారు. అరుగు మీద ఒకరి కత్తెర ఒకరు పొరపాటున ముట్టినా తగాదాలు అయ్యేవి. కోటగిరి వరిమళ్ళ పిల్లగాడికి ఇది ఎట్లా తెలుస్తుంది? ఆ రెండు తప్పులను రాత్రి నుంచి మూటకట్టుకుని తిరుగుతున్నాడు తను. మీటింగులో తనను కూడా మాట్లాడమన్నారు. కత్తెర ముక్క చాలు.

కానీ మీటింగు తరువాత సంగతి. ముందు ఈ పేజీ. ఇప్పుడు ఇది చదివితే అవ్వ తన నోటి నుంచి వింటుంది. చదవకపోతే సాయంత్రం మైకులో ఎవడో చదువుతాడు, నది అవతలి సవతి అనే మాట హాలంతా మోగుతుంది, పూలదండ మెడలో ఉన్న అవ్వ ముందర. అవ్వకు తెలియదు. తెలియకూడదని బాపు అడిగిన ఒకే ఒక్క కోరిక, దాన్ని ముప్పై ఏళ్ళు మోశాడు, దాని కోసం ఆరు పుస్తకాల అబద్ధం రాశాడు.

తిరుపతమ్మ లేచింది. "నేనైతే చీర మార్చుకొస్త అక్కా, ఫోటోల పడాలె గద. సారూ, ఏడ్చేకాడికి వచ్చినంక నన్ను పిలువు" అని చెప్పులు వేసుకుని పోయింది. ఆమె వీధి మలుపు తిరిగేదాకా సిద్దిరాములు ఆగాడు. కాగితం తిప్పాడు. వచ్చింది.

పేజీ మీద చూపు ఉంచే, నోరు తెరిచాడు. 'మరునాడు పొద్దున్నే లచ్చవ్వ ఆకు కత్తిరించుకుని కూర్చుంది. మొగుడు నది అవతల బావి తవ్వుతూ రోజూ ఇంటినే తలుచుకుంటాడని ఆమెకు తెలుసు. వానలు పడగానే వచ్చాడు. వస్తూ వస్తూ ఆమెకు ఆకుపచ్చ చీర, కొడుక్కు కొత్త పలక తెచ్చాడు. ఆ రాత్రి ఇంట్లో అందరూ కడుపునిండా తిన్నారు.' చదువుతుంటే లోపల ఎవరో మెచ్చుకుంటున్నారు. ఎంత సులువుగా వస్తోంది, చీర రంగు కూడా వచ్చింది.

"ఆగు" అంది అవ్వ.

ఆగాడు.

"అది బుక్కుల లేదు."

"ఉన్నదవ్వా, ఇగో ఈడ..."

"ఇంతసేపు ఆ పిలగాని మాట మాటకాడ ఆగుకుంట సదివినవు. ఇప్పుడు నల్లా తిప్పినట్టు పోయింది. ఒక్కకాడ తడుముకోలే." చేతిలోని బీడీకి దారం బిగించి తెంపింది. "ఆకుపచ్చ చీర మీ బాపు బతుకుల తెచ్చిండా?"

అతను పుస్తకం మూయబోయాడు. అవ్వ కాలు చాపి పాదంతో పుస్తకం అంచును ఆపింది, చేతులు ఖాళీ లేవు కదా. చిన్నప్పుడు కూడా అట్లాగే ఆపేది. "సదువు."

"అవ్వా, ఇండ్ల బాపు గురించి ఉన్నది. మంచిగ లేదు."

"ఉంటది. నేనే చెప్తిని గద వానికి."

వరండాలో ఎండ అట్లాగే ఉంది. వీధిలో ఐస్ బండి గంట కొట్టుకుంటూ పోయింది, ఎంత మామూలుగా పోతోంది, దానికి ఏమీ తెలియదు. సిద్దిరాములు తల్లి ముఖం చూశాడు. ఏం చూస్తున్నాడో తెలియకుండా చూశాడు. ఎప్పుడు? ఎట్లా? అవ్వ వేళ్ళు ఆగలేదు. "పోయిన వానకాలం వచ్చిండు, తునికాకు ఎట్ల నానబెడతరు చూస్తనని. కూసుండె. మల్ల వచ్చె. నాకు బీడీలు చుట్టుడు రాదు అవ్వా నేర్పు అనె, ఒక్క కట్ట సుట్టిండు, అన్ని పలిగిపాయె. నవ్వుకున్నం. మెల్లగ ఒకటొకటి అడిగిండు, చెప్పిన."

"నాకు ఎన్నడు చెప్పలే."

"నువ్వు ఎన్నడు అడిగినవు?" కోపం లేదు ఆ మాటలో, అదే గుచ్చుకుంది. "నువ్వు నాకు సదివి ఇనిపించేటోనివి. చిన్నగున్నప్పటి సంది అంతే. నువ్వు సదువుడు, నేను ఇనుడు. నీ బుక్కులన్ని ఇన్న గద, అండ్ల మీ బాపు దేవుడు. ఇనుకుంట ఇనుకుంట, ఈ మహానుభావుడు యాడ దొరికిండు, నేను జేసుకున్నోడు గాదే అనుకునేది."

నవ్వు రావాలి, రాలేదు. లోపల ఏదో జరిగిపోతోంది, లెక్కలన్నీ తారుమారవుతున్నాయి. అయితే రాజశేఖర్ అచ్చేసింది డాబా మీది మాట కాదు. డాబా మీది మాట ఈ పుస్తకంలో ఎక్కడా లేదు. బస్టాండు లేదు, భజియాలు లేవు, చెయ్యి లేదు. వెతికి వెతికి దొరక్క తను సంబరపడ్డాడు, వాడికి చేతకాలేదని. వాడు అవ్వ చెప్పింది రాశాడు, తను చెప్పింది దాచాడు. ఒకే కథ రెండు వైపుల నుంచి వాడి చేతిలో ఉంది, అవ్వ ముందు తన పేరు ఎత్తలేదు, తన ముందు అవ్వ పేరు ఎత్తలేదు. నా మొదటి పాఠకుడికి. మొదటి పాఠకుడు నిన్న పరీక్ష హాల్లో కూర్చుని తప్పులు ఏరాడు.

"సదువు బిడ్డా. ఎట్ల రాసిండో ఇంట."

చదివాడు. ఉన్నది ఉన్నట్టు. 'ఆ ఇంటి గడపలో నిలబడ్డ మనిషిని చూడగానే లచ్చవ్వ తిట్టవలసిన మాటలన్నీ దారిలోనే...' ఆగాడు, మింగాడు, మళ్ళీ ఎత్తుకున్నాడు. 'దారిలోనే నదిలో పడిపోయాయి. ఆమె కూడా తనలాగే ఎండిపోయి ఉంది. మొగుడు ఇంట్లో లేడు. మాట్లాడదామన్నా ఒకరి భాష ఒకరికి సగమే వస్తుంది. ఆమె జొన్నరొట్టె చేసి పెట్టింది. లచ్చవ్వ తిన్నది.'

"రొట్టె తిన్నట్టు రాసిండా?"

"రాసిండు."

"ఆఁ" అంది అవ్వ. ఏం ఆఁనో.

'తిని, సంచిలోంచి ఆకు తీసింది. వాడు రేపు ఏ బావిలోనో పడితే నీకు దిక్కెవరు అని సైగలతోనే అడిగింది. పొద్దు వాలేదాకా ఆమె వేళ్ళు పట్టుకుని మూతి మడవడం నేర్పింది. బస్సుకు లేచినప్పుడు తన...' సిద్దిరాములు వేలు ఆ వరుస మొదటికి పోయి మళ్ళీ వచ్చింది. 'తన కత్తెర ఆమె ఒళ్ళో పెట్టి, వెనక్కి చూడకుండా నడిచింది.'

మంచాల కింద పాకుతున్న తను కనబడ్డాడు. నీళ్ళ గోలెం వెనక సాలెగూళ్ళలో చెయ్యి పెట్టి తడుముతున్న తను. గడ్డివాములో సూదుల్లాంటి గడ్డి గీరుకున్న మోచేతులు. వాడకట్టంతా తిరిగి మా అవ్వ కత్తెర చూశారా అని అడిగిన తను, నేను ఎత్తుకున్ననంటవా అని అరుగు మీది ఒకామె శాపనార్థాలు పెట్టింది కూడా. అవ్వ మాత్రం ఏమీ అనకుండా తిరుపతమ్మ వాడని పాత కత్తెర అడుక్కుని, పట్టు దొరక్క, ఆ నెలంతా వేళ్ళు కోసుకుంది. వేలికి గుడ్డ చుట్టింది తనే. ఏ ఆడమనిషి ఇవ్వదని రాత్రంతా మూట కట్టుకున్న తప్పు, ఆ గుడ్డలో నుంచి ఇప్పుడు నెత్తురై కారింది. ఎవరూ ఇవ్వరు, నిజమే. అందుకే కదా అవ్వ ఇచ్చింది, అందుకే కదా అది రాయదగ్గది.

చదవడం ఆపేశాడు. అధ్యాయం అక్కడితో అయిపోయింది. మీటింగులో మాట్లాడవలసింది ఏమీ మిగల్లేదు. ఒక్కటి మిగిలింది, నిన్నటి తప్పుల మూటలో మొదటిది. ఇప్పుడు అది తప్పులాగా లేదు, ఖాళీ కుర్చీ లాగా ఉంది. అడగాలా వద్దా? అడగడం అంటే నోరు ఎట్లా పెట్టాలో తెలియడం లేదు. నలభై ఎనిమిదేళ్ళొచ్చాయి, అవ్వను అన్నం తిన్నవా అని, మందులు ఏసుకున్నవా అని అడిగాడు. ఇంకేమీ అడిగిన గుర్తు లేదు.

"అవ్వా."

"ఊఁ."

"ఇండ్ల ఒకటి లేదు. నువ్వు... అసలు ఎందుకు... ఆ ఎండకాలమే ఎందుకు పోయినవు? బాపు సంగతి నీకు అంతకుముందే ఎరుకనా?"

"జనాలు అంటనే ఉండె. ఇని ఇననట్టుంటి." అవ్వ చాటలోకి చూసింది. "ఎందుకు పోయిన్నో వానికి చెప్పలే. అడిగిండు, రెండు మార్లు అడిగిండు. ఊకె పోయిన బిడ్డా అన్న."

వీధి మలుపులో కారు హారన్ మోగింది. వెంటనే తిరుపతమ్మ గొంతు, "రేణుకక్కా, కారొచ్చె! ఏసీ కారే!" అవ్వ అటు చూడలేదు.

"నువ్వు పదోది పాసయిన ఎండకాలం. నిజామాబాద్ పోతున్ననని చెప్పి పొద్దుగూకినంక వచ్చినవు. కాళ్ళు కడుగుతలేవు, అన్నం అంటే ఒద్దంటవు. అరుగు మీద అందరు కూసున్నరు, సదువుమంటే సదివినవు. ఆ కతల ఎప్పుడు పట్నం డాక్టరే ఉండేది, బంగ్లా, కారు. ఆ పొద్దు బావి తవ్వేటాయన వచ్చిండు." అవ్వ చేతుల్లో చుట్టిన బీడీ ఉంది, దారం కట్టలేదు. "నది అవుతల కూసుండి రొట్టె తింటుండు. తొడ మీద చిన్నపిల్ల. అందరు ఇన్నరు, మంచిగున్నది మంచిగున్నది అన్నరు. మొదలుకెల్లి ఆఖరి దాక ఒక్కకాడ తడుముకోలే నువ్వు."

సిద్దిరాములుకు ఆ సాయంత్రం మొత్తం ఒక్కసారి వచ్చి మీద పడింది. ఏం చదివాడో గుర్తు లేని సాయంత్రం. చెప్పకు అన్నాడు బాపు, చెప్పలేదు, చదివాడు. అరుగు మీద అంతమంది విన్నారు, ఒక్కరు అర్థం చేసుకున్నారు. అర్థం చేసుకుని, ఆకు సంచీ భుజానికి వేసుకుని, కారణం ఎవరికీ చెప్పకుండా, కోటగిరి పెండ్లికని బస్సెక్కారు. ఒళ్ళోని పుస్తకం మూసి పక్కన పెట్టాడు.

హారన్ మళ్ళీ మోగింది, ఈసారి గుమ్మం ముందే. కారు తలుపు చప్పుడు, రాజశేఖర్ అడుగుల చప్పుడు.

అవ్వ చాట పక్కకు జరిపింది. ఒళ్ళో పడిన తంబాకు దులుపుకుంది.

"వాన్ని జెర బయటనే ఆగుమను" అంది. "నువ్వు ఇటు రా, దగ్గర కూసో. ఇగ అడుగు."